ఏటికోత

కోటిపల్లి రేవులో మోకాలిలోతు నీళ్ళలో నిలబెట్టి
మూడు తరాల పేర్లు చెప్పమన్నారు పంతులుగారు.
నాన్న పేరు చెప్పాడు తమ్ముడు. తాతది చెప్పాడు.
మూడో పేరుకి నా వైపు తిరిగాడు.
నేను నీళ్ళ వైపు తిరిగాను.
"తెలీకపోతే తెలీదనండి, వెనకాల జనం ఉన్నారు"
అన్నాడాయన, వేలికి దర్భ సర్దుకుంటూ.

ఇంటికొచ్చి బట్టలు ఆరేశాను.
ఆ 'తెలీదు' ఒక్కటే ఆరలేదు.

పదకొండుసార్లు వెళ్ళాను కొత్తపేట కచేరీకి.
రికార్డు గది తాళం ఉన్నాయన ఒకరోజు సెలవు,
ఒకరోజు ఎలక్షను డ్యూటీ, ఒకరోజు ఊరికే లేడు.
పన్నెండోసారి ముక్కుకి తువ్వాలు కట్టుకుని
పాత సెటిల్‌మెంటు పుస్తకం కిందికి దింపాడు.
అప్పడంలా విరుగుతోంది కాగితం.
తిప్పిన ప్రతి పేజీకీ కొంచెం ఊరు
నా ఒళ్ళో రాలింది.

ఖర నామ సంవత్సరం. లంక మెట్ట. నంబరు నూట పద్నాలుగు.
ఎకరం అరవై మూడు సెంట్లు.
సాగుదారు మట్టా అంకయ్య.
తండ్రి పేరు ఉండాల్సిన గడిలో అడ్డగీత.
వెనక కుట్టిన కౌలు కాగితం మీద
సంతకం చోట నాగలి బొమ్మ,
పిల్లాడు గీసినట్టు, మేడి మరీ పొడుగ్గా.

మొదట్నించీ మట్టావాళ్ళమే అనుకున్నాను.
పైడమ్మత్త నవ్వింది,
నిప్పు లోపలికి పెట్టి కాల్చే చుట్ట నోట్లోంచి తీసి.
"ఇంటిపేరెక్కడిదే మనకి?
ఆనకట్ట కట్టాక కాలవలు తవ్వడానికొచ్చారు, తట్టా పారా పట్టుకుని.
పద్దు రాసేవోడు ఏం పనిరా అన్నాడంట.
మట్టి బాబూ అన్నాడంట.
అదే రాసేసుకున్నాడు."

ఎక్కణ్ణించి వచ్చారత్తా?
"ఉత్తరాన్నించి" అంటూ చెయ్యి చూపించింది.
పడమటి వైపు.

మా ఇంట్లో తరానికో పైడమ్మ.
నాన్న చెల్లెలు, తాత చెల్లెలు, పురిట్లో పోయిన మా అక్క.
ఎందుకని ఎవరూ అడగలేదు.
చుట్టుపక్కల లంకల్లో ఆ పేరు ఇంకెవరికీ లేదు,
ఇక్కడి ఆడపిల్లలు సత్తెమ్మలు, గంగమ్మలు.
అది విజయనగరం వైపు తల్లి పేరు.
ఇన్నాళ్ళూ మా గుమ్మంలో కూర్చుని
చుట్ట కాల్చుకుంటోంది మా ఊరు.

పట్టా లేకుండా, తండ్రి పేరు లేకుండా
అన్ని ఆమడలు నడిచొచ్చిన మనిషి
ఈ ఒక్క పేరు తట్టలో పెట్టుకొచ్చాడు.
లేదూ, తట్ట మోసింది ముత్తవ్వేనేమో.
ఆవిడకి ఏ పుస్తకంలోనూ గడి లేదు,
అడ్డగీత కూడా లేదు.

నూట పద్నాలుగు చూడాలన్నాను.
గంగులు నావ విప్పాడు.
లాకు గోపురాన్నీ అవతలిగట్టు కొబ్బరి మొవ్వుల్నీ
కళ్ళతో కొలుచుకుంటూ నడి ఏట్లో ఆపి, గెడ దించాడు.
"ఇక్కడేనండీ. మూడు బారలు."
ముత్తాత దున్నిన చేలో
మూడు బారల నీళ్ళు.
పుస్తకం ముందే చెప్పింది, తర్వాతి పేజీలో,
ఎర్ర సిరాతో, ఒకే మాట: ఏటికోత.
కింద, శిస్తు మాఫీ.

తమ్ముడు వంశవృక్షం గీయమన్నాడు, అద్దం కట్టిస్తాడట.
నాలుగుసార్లు కూర్చున్నాను.
వేరు గీద్దామంటే పెన్సిలుకి నీళ్ళు తగులుతాయి.
చెట్టు కాదురా మనం, లంక.
ఎగువన కోసుకుపోతుంటే
దిగువన మేట వేసుకుంటూ
అదే పేరుతో జరిగి జరిగి ఇక్కడికొచ్చాం.

గంగులు నావ తిప్పుతుంటే కనపడింది,
మొన్నటి వరదకి లేచిన కొత్త మేట.
రెల్లు ఇంకా మోకాలెత్తే.
అప్పుడే ఎవరో దోసపాదులు పెట్టేశారు.
కుండతో నీళ్ళు పోస్తోంది ఒకామె,
చంకలో పిల్ల.

ఎవరిదా చేను?
"చేనేంటండీ, ఏటిది.
ఒడిసా వైపోళ్ళు, ఇటికలబట్టీకి వచ్చారు."
పేరు?
"తెలీదండి."

పద్దు రాసేవాడు రాకముందే
నావ అటు పోనివ్వమన్నాను.
ముందు ఆవిడ పేరు అడగాలి.